చిన్నమ్మాయి వేళ్ళ వరస

తన మీద పడ్డ నింద తుడిచెయ్యమని డిటెక్టివ్ దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు. తనకు దక్కిన పొగడ్తను తుడిచెయ్యమని వచ్చిన మనిషిని మాత్రం డైరీ ఆ బుధవారం ఉదయమే మొదటిసారి చూశాడు.

డైరీ అంటే పుస్తకం కాదు, మనిషే. సూదిగారి దగ్గర పదకొండేళ్ళుగా అసిస్టెంటు. విన్నదల్లా రాసుకుంటాడు గనుక జనం ఆ పేరు తగిలించారు. ఇక సూదిగారంటే, గొడుగులు బాగుచేసే కొట్టు పైన రెండు గదుల ఆఫీసు పెట్టుకున్న ప్రైవేటు డిటెక్టివ్. సన్నగా, నిటారుగా ఉంటారు. ఎక్కడ గుచ్చితే నిజం బయటికొస్తుందో ఆయనకు తెలుసు. ఒకసారి వీధిలో ఎవరో తుమ్మితే, ఆ తుమ్మిన మనిషి రెండు వీధుల అవతల మిరియాల గిడ్డంగిలో దొంగతనం చేసి వస్తున్నాడని కుర్చీలోంచి లేవకుండానే చెప్పారట. ఈ కథ ఊరంతా చెప్పింది డైరీయే. చెప్పినప్పుడల్లా ఒక వీధి కలుపుతూ వచ్చాడు. ఇప్పటికి తొమ్మిది వీధులయ్యాయి. అంత అభిమానం. ఆ అభిమానం అడుగున ఒక చిన్న మంట కూడా ఉండేది. చూసేది ఇద్దరూ ఒకటే, రాసుకునేది తను, కనిపెట్టేది ఆయన. పదకొండేళ్ళలో ఒక్కసారి, ఒక్క కేసులో, ఆయనకంటే ముందు తను కనిపెడితే చాలని డైరీ కోరిక.

వచ్చినావిడకు నలభై అయిదేళ్ళుంటాయి. కుర్చీ అంచున, ఎప్పుడు లేవాల్సి వస్తుందో అన్నట్టు కూర్చుంది. వచ్చీరానివాళ్ళకు పియానో పాఠాలు చెబుతుందట. ఆ మాట చెప్పి, ఎవరి చెల్లెలో కూడా చెప్పింది. డైరీ కలం ఆగిపోయింది. రేడియో ఉన్న ప్రతి ఇంట్లోనూ తెలిసిన పేరది. తొమ్మిదేళ్ళకు మొదటి కచేరీ, ఇరవై రెండేళ్ళకు పరదేశాల్లో పతకం, ఆ తర్వాత పాతికేళ్ళు పెట్టె సర్దడం, విప్పడం. విమర్శకులు ఆవిణ్ణి పొగడాలంటే మాటలు చాలక వర్షాన్నీ నదినీ పట్టుకొచ్చేవాళ్ళు.

అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే మాస్టారి దగ్గర, ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని నేర్చుకున్నారు. అక్క పైకెళ్ళింది. ఆమెకు అంత పేరు తెచ్చింది ఒకే ఒక్క చోటు. వందేళ్ళ కిందటి ఒక కష్టమైన రచనలో పై నుంచి కిందికి దూకే స్వరాల గుంపు ఉంది. దాన్ని 'జలపాతం' అంటారు. వాయించిన ప్రతివాళ్ళకూ మధ్యలో చెయ్యి ఎత్తి పెట్టక తప్పేది కాదు, అక్కడ ధార తెగేది. అక్క మాత్రం ఏ స్వరం మీద ఏ వేలు పడాలో కొత్త వరస ఒకటి కనిపెట్టి, కుడిచేత్తోనే, తెగకుండా వాయించింది. ఆ వరస ఎవరికీ చూపించదు. పుస్తకంలో పెన్సిలుతో వేలి అంకెలు రాసుకుంటుంది, కచేరీకి ముందు రబ్బరుతో చెరిపేస్తుంది.

రెండేళ్ళ కిందట వేలి నొప్పి వచ్చి అక్క వాయించడం మానేసింది. మళ్ళీ ఈ శనివారం సాయంత్రం పెద్ద హాల్లో కచేరీ. ఇంతలో మొన్న ఆదివారం హాలు మేనేజరుకు పేరులేని కవరు ఒకటి వచ్చింది. అందులో పాత స్వరాల పుస్తకంలోంచి చించిన పేజీ, జలపాతం ఉన్న పేజీ. చనిపోయిన మాస్టారి దస్తూరీ, ముప్పై ఏళ్ళ కిందటి తారీఖు. వేళ్ళ వరసంతా వేసి, అంచున రెండు ముక్కలు రాసి ఉన్నాయట: 'ఈ వేళ్ళ వరస చిన్నమ్మాయిది. పెద్దమ్మాయి పక్కనుంచి చూసి నేర్చుకుంది.'

"మేనేజరు ఆ మాటలు నాకు ఫోన్లో చదివి వినిపించాడు," అంది చెల్లెలు. "అక్కకూ వినిపించాడు. శుక్రవారం లోపల తేలకపోతే కచేరీ రద్దంటున్నాడు. అక్క నా ఫోను తియ్యడం లేదు. నిన్న ఇంటికెళ్తే బావ గుమ్మంలోనే ఆపి, ఇప్పుడు వద్దులేమ్మా అని పంపేశాడు. అందరూ నేనే రాశానంటున్నారు."

"కాగితం నిజమైతే మీకు మంచిదే కదమ్మా?" అన్నారు సూదిగారు.

"మంచిదే. అందుకేగా అంటున్నారు."

"అబద్ధమని మీకెలా తెలుసు?"

చెల్లెలు తన చేతులు చూసుకుంది. చిన్న చేతులు. "తెలుసండీ," అంది. "కచేరీ జరగాలి. ఇది ఆగిపోతే అక్క మళ్ళీ పియానో ముట్టుకోదు. నన్నూ ఈ జన్మకు గడప తొక్కనివ్వదు."

సూదిగారు రెట్టించలేదు. డైరీ మాత్రం ఆ 'తెలుసండీ' కింద రెండు గీతలు గీశాడు. అడిగినదానికి జవాబు చెప్పని మనిషి దగ్గరే జవాబుంటుందని అతని సిద్ధాంతం. పదకొండేళ్ళలో అది ఒక్కసారీ నిజం కాలేదు.

హాలు మేనేజరు గుండ్రంగా, మెరుస్తూ ఉంటాడు. పేజీని ఇనప్పెట్టెలో పెట్టి, ఆ తాళం చెవిని మెడలో వేసుకున్నాడు. తను తప్ప ఇంకెవరూ చూడలేదని గొప్పగా చెప్పుకున్నాడు. అక్కగారిని వచ్చి చూడమంటే, చూస్తే నమ్మినట్టే అవుతుంది, చూడను అందట. చెల్లెలికి చూపించే ప్రశ్నే లేదు, దొంగ చేతికి తాళం ఇచ్చినట్టవుతుందని అతని లెక్క. మీకు సంగీతం వచ్చా అని సూదిగారు అడిగితే, కుర్చీలు ఎన్ని నిండాయో చూడటం వచ్చునని నిజాయితీగానే ఒప్పుకున్నాడు.

సూదిగారు పేజీని కిటికీ వెలుగులో పెట్టి పావుగంట చూశారు. కాగితం పాతదే. చెల్లెలు ఇచ్చిన మాస్టారి ఉత్తరాలతో పోల్చితే దస్తూరీ అచ్చు గుద్దినట్టుంది. ఆ తోక పొడుగు అక్షరాలు, ఆ వంకర అంచు, దొంగదైతే ఎవరో చాలా ఓపికగా, చాలాసార్లు సాధన చేసి ఉండాలి.

"అంకెలన్నీ ఉన్నవి ఉన్నట్టు ఎక్కించుకో," అన్నారు డైరీతో. "స్వరం కింద స్వరం, అంకె పక్కన అంకె. అంకె లేని చోట ఖాళీ వదిలెయ్."

అది అరగంట పని. మధ్యలో ఒకచోట అయిదు స్వరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. అయిదూ ఒక్కసారి నొక్కాలని మేనేజరు ఎవరో చెప్పగా విన్నాడట. ఎడమచెయ్యి అప్పటికి ఎక్కడో దూరాన పనిలో ఉంటుంది గనుక అయిదూ కుడిచెయ్యే నొక్కాలట. డైరీ పై నుంచి కిందికి రాసుకున్నాడు: నాలుగు, మూడు, రెండు, ఒకటి. అన్నిటికంటే కింది స్వరం పక్కన ఏమీ లేదు. చెరిగిందేమో అనుకున్నాడు. పేజీ మొత్తం మీద అలాంటి ఖాళీలు ఆరు దొరికాయి.

మెట్లు దిగుతుంటే సూదిగారు అడిగారు, ఈ పేజీలో అన్నిటికంటే పెద్ద అంకె ఏదని. నాలుగు అన్నాడు డైరీ. మనిషికి ఒక చేతికి వేళ్ళెన్ని అని అడిగారు. ఇదేం ప్రశ్న అనుకుని, అయిదని చెప్పి, దాన్ని కూడా రాసుకున్నాడు.

అక్కగారి ఇంట్లో ఉన్న గదుల్లో పెద్దది పియానోది. మనుషులు మిగిలిన చోట్లో సర్దుకున్నారు. తలుపు తీసింది ఆమె భర్త. మెత్తగా, పొందికగా మాట్లాడతాడు, ఎదుటివాళ్ళ భుజం మీద దుమ్ము కనపడితే తనే దులిపే రకం. ఒకప్పుడు వాద్యబృందంలో రెండో వరసలో వయొలిన్ వాయించేవాడట. పెళ్ళయ్యాక ఆమె ప్రయాణాలు, టికెట్లు, ఉత్తరాలు చూసుకోవడానికి ఆ కుర్చీ వదిలేశాడు. ప్రతి కచేరీలోనూ వేదిక మీద ఆమె ఎడమ పక్కన కూర్చుని పేజీలు తిప్పేది ఆయనే. ఇరవై ఏళ్ళుగా చప్పట్లన్నీ తన తల మీదుగా వెళ్ళినవే అని నవ్వుతూ చెప్పాడు. మాట్లాడుతున్నంతసేపూ ఎడమచేతి నాలుగు వేళ్ళూ బల్ల అంచు మీద ఆడుతూనే ఉన్నాయి, బొటనవేలు బల్ల కింద ఆనించి.

మరదలి మీద తనకు అనుమానం లేదన్నాడు. లేదంటూనే, చిన్నప్పటి నుంచీ ఆమె కళ్ళు అక్క చేతుల మీదే ఉండేవని, మాస్టారి పుస్తకాల్లో సగం ఆమెకే వచ్చాయని, పాపం మనసు ఎంతకాలం ఊరుకుంటుందని కూడా అన్నాడు. డైరీ చకచకా రాసుకున్నాడు.

"ఆవిడ నొప్పి ఇప్పుడెలా ఉందండీ?" అన్నారు సూదిగారు.

"మందు రాస్తూనే ఉన్నాం. మూడో వేలు. పూర్తిగా తగ్గలేదు. నన్నడిగితే ఇంకో ఏడాది ఆగినా నష్టం లేదు."

మిగిలిన సగం పుస్తకాలు పియానో గదిలోనే అలమరలో ఉన్నాయి. పియానో కింద నుంచి రెండు కాళ్ళు బయటికి పొడుచుకొచ్చాయి. అవి ట్యూనరువి. ముప్పై ఏళ్ళుగా ఆ పియానో శ్రుతి చూసేది ఆయనే. ఎనభైకి దగ్గరలో ఉన్నాడు, నోటికి కళ్ళెం లేదు. శనివారానికి మాత్రం హాలువాళ్ళు వేరే కుర్ర ట్యూనరును పెట్టుకున్నారు, అమ్మగారు సరేనంది. ఆ సంగతి ఎత్తగానే కాళ్ళు లోపలికెళ్ళి తల బయటికొచ్చింది.

"ఈ పెట్టె కడుపులో చేతులు పెట్టి నేను ముసలాణ్ణయ్యాను. వాడెవడో మీటరు పట్టుకొచ్చి చెవులున్న నన్ను పొమ్మంటాడు," అన్నాడు. "కడుపు మండదా? మండింది. కానీ ఆ కాగితాలూ అంకెలూ నాకు తెలీవు. నాకు తీగలు తెలుసు. తీగను బిగిస్తే మాట వింటుంది. పైన కూర్చునే మనుషులే, ఎంత బిగించినా శ్రుతిలో ఉండరు."

అక్కగారు కిటికీ దగ్గర కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ చేతులు ఆమెవి కానట్టు, ఎవరో దాచమని ఇచ్చి వెళ్ళినట్టు పెట్టుకుంది. పేజీ చూడనని మళ్ళీ చెప్పింది. నొప్పి గురించి అడిగితే కుడిచేతి ఉంగరం వేలు చూపించింది.

"ఈ నాలుగో వేలేనండీ. ఎవరికైనా బద్ధకపుదే, నాకు మొండిది కూడా. ఇప్పుడు దారికొచ్చింది."

ఈ రెండేళ్ళూ పొద్దెలా గడిచిందని అడిగారు సూదిగారు. మా ఆయన మళ్ళీ వయొలిన్ తీశారు, రోజూ సాయంత్రం నాకోసం వాయించేవారు అంది. ఎలా వాయిస్తారు అంటే, కాసేపు ఆలోచించి, "బాగానే వాయిస్తారు," అంది. గది గుమ్మంలో కాఫీ పళ్ళెంతో నిలబడ్డ భర్త ఆ 'బాగానే' విన్నాడు. పళ్ళెం అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

వీధిలోకి రాగానే డైరీ ఆగలేకపోయాడు. భర్త మూడో వేలంటాడు, భార్య నాలుగో వేలంటుంది, ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు అన్నాడు. సూదిగారు నడుస్తూనే, ఇద్దరూ నిజమే చెప్పారేమో చూడు నాయనా అన్నారు. ఇద్దరూ నిజం చెప్పే కేసును డైరీ ఎక్కడా చదవలేదు. అందుకని ఆ రోజంతా మూతి ముడుచుకునే ఉన్నాడు.

గురువారం పొద్దున చెల్లెలి ఇంటికి వెళ్ళేసరికి పాఠం నడుస్తోంది. ఇరుకు గది, గోడకు ఆనించిన పాత పియానో. దాని ముందు రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన ముచ్చెమటలతో కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళు ఉత్తరాలు పంచిన వేళ్ళు ఒక్క స్వరాన్నీ సరైన చిరునామాకు చేర్చలేకపోతున్నాయి.

"ఒకటి అంటే బొటనవేలు బాబాయ్‌గారూ," అంటోంది చెల్లెలు. "అక్కణ్ణించి లెక్కపెట్టండి. అయిదు చిటికెన వేలు. మీరు దాన్ని గాలిలో లేపి కూర్చోబెడుతున్నారు. దానికీ జీతం ఇస్తున్నారుగా, పని చెప్పండి."

సూదిగారు తలుపు దగ్గరే నిలబడిపోయారు. తన కుడిచెయ్యి పైకెత్తి, బొటనవేలు మొదలు ఒక్కొక్కటే మడిచి, మళ్ళీ విప్పారు. ఆయన మొహంలో ఏదో వెలిగింది. ఆ వెలుగంటే డైరీకి ఎంత ఇష్టమో అంత కడుపుమంట. ఆయన చెల్లెలిని ఒక్క మాటా అడగలేదు. రేపు మూడు గంటలకు మీ అక్కగారింటికి రావాలమ్మా, బావగారు ఆపితే నా పేరు చెప్పండి అని వెనక్కి తిరిగారు. అప్పటికి డైరీ తన నోట్‌బుక్కులో దోషి పేరు రాసేసుకున్నాడు: చెల్లెలు. మాస్టారి పుస్తకాలున్నాయి, కోరికుంది, అడిగినదానికి జవాబు చెప్పలేదు. ఈసారి గురువుగారికంటే ముందు తనే.

శుక్రవారం మధ్యాహ్నం పియానో గదిలో అందరూ చేరారు. మేనేజరు పేజీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ట్యూనరుకు కుర్చీ ఇస్తే వద్దని నేల మీద చతికిలబడ్డాడు. చెల్లెలు గుమ్మం పక్కన నిలబడింది. అక్క ఆమెను చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో గదిలో అందరికీ కనపడింది.

సూదిగారు మేనేజరు చేతిలోంచి పేజీ తీసుకుని పియానో మీద పెట్టారు.

"అమ్మా, దీన్ని చదవొద్దు, నమ్మొద్దు. రాసినట్టుగా వాయించండి, అంతే. అయిదు స్వరాలు ఒక్కసారి వస్తాయే, ఆ ఒక్క చోటు చాలు."

ఆమె తన కుర్చీలోంచి లేచింది. వచ్చి పియానో ముందు కూర్చుంది. పేజీ వంక చూసింది. కనుబొమలు దగ్గరకొచ్చాయి. కుడిచెయ్యి పియానో మెట్ల మీద పెట్టి, అంకెల ప్రకారం ఒక్కొక్క వేలూ అమర్చింది. పై స్వరం మీద నాలుగో వేలు, దాని కింద మూడు, దాని కింద రెండు, దాని కింద బొటనవేలు. ఇంకా కింద ఒక స్వరం మిగిలిపోయింది. దాని మీద వేసేందుకు వేలు లేదు. ఖాళీగా ఉన్న ఒక్క చిటికెన వేలూ ఆ చివర, గాలిలో, దారి తప్పిన చుట్టంలా నిలబడింది.

"ఇలా ఎవరూ వాయించలేరు," అంది. "ఇది వేళ్ళ వరసే కాదు."

"ఇప్పుడు బొటనవేలిని లెక్కలోంచి తీసెయ్యండి. ఒకటి అంటే చూపుడు వేలనుకోండి. అంకె లేని చోటల్లా బొటనవేలు వెయ్యండి."

ఆమె చెయ్యి కొంచెం జరిగింది. అయిదు వేళ్ళూ అయిదు స్వరాల మీద తాళాల్లో తాళంచెవుల్లా కూర్చున్నాయి. ఆమె నొక్కింది. ఆగకుండా తర్వాతి స్వరాలకు వెళ్ళింది, ఆ తర్వాతి స్వరాలకు. చిటికెన వేలి కింద నుంచి బొటనవేలు దూరి అవతలికి తేలే ఆ మెలిక, ఇన్నేళ్ళూ రబ్బరుతో చెరిపేసుకున్నది, గది నిండా ధారగా పడింది. ఆగినప్పుడు ఆమె మొహం పాలిపోయింది.

"ఇది నాదే," అంది. "ఒక్క వేలు తేడా లేదు."

"మీదే. కానీ రాసిన మనిషి పియానో మనిషి కాడు," అన్నారు సూదిగారు. "పియానోవాళ్ళకు బొటనవేలు ఒకటి. నిన్న మీ చెల్లెలి దగ్గర రెండు నెలల శిష్యుడు కూడా అలాగే లెక్కపెడుతున్నాడు. మీ మాస్టారు రాసినా, మీ చెల్లెలు రాసినా ఈ పేజీలో అయిదు అంకె ఉండి తీరాలి. వెతికితే ఒక్కటీ లేదు. బొటనవేలిని వేలుగా లెక్కపెట్టని విద్య ఒకటుంది. అందులో ఆ వేలు వాద్యం మెడను కింద నుంచి పట్టుకుని ఊరుకుంటుంది. వాయించేవి మిగిలిన నాలుగు. వాటిలో చూపుడు వేలు ఒకటి, ఉంగరం వేలు మూడు. బుధవారం ఈ ఇంట్లో ఒకే వేలిని ఒకరు నాలుగో వేలన్నారు, ఒకరు మూడో వేలన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు."

డైరీ తన నోట్‌బుక్కు తిప్పాడు. బుధవారం పేజీలో రెండు మాటలూ తన దస్తూరీతోనే, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పుస్తకం మూసేశాడు.

"వయొలిన్," అన్నాడు ట్యూనరు నేల మీద నుంచి, ఎవరితోనూ కాకుండా.

సూదిగారు భర్త వైపు తిరిగారు. ఆవిడ ఎవరికీ చూపించని చేతిని అడుగు దూరం నుంచి ఇరవై ఏళ్ళు చూసింది మీరొక్కరే కదా అన్నారు. పియానో లెక్క మీకు తెలియక కాదు. మాస్టారి అక్షరాల మీద నెలలు కష్టపడ్డారు, అంకెలదేముందిలే అని వాటిని చేతికి వదిలేశారు. చెయ్యి తనకు చిన్నప్పుడు నేర్పినట్టే రాసింది.

భర్త కాదనలేదు. భార్య భుజం మీద లేని దుమ్మును చూస్తున్నట్టు కాసేపు చూశాడు.

"ఈ రెండేళ్ళూ నువ్వు నా వాయిద్యం విన్నావు," అన్నాడు. "రోజూ సాయంత్రం ఆ కుర్చీలో కూర్చుని. ఆ కుర్చీకి మళ్ళీ మూడువేల కుర్చీలు పోటీకొస్తాయంటే ఓర్చుకోలేకపోయాను."

"మధ్యలో చెల్లి పేరెందుకండీ?"

"రోజూ ఫోన్లో గంటసేపు నువ్వు నవ్వేది దానితోనే," అన్నాడు. ఆ మాట అన్నాక తన గొంతు తనకే నచ్చనట్టు ఆగిపోయాడు.

ఆమె కోపగించుకోలేదు. రేపు పేజీలు మీరు తిప్పొద్దని మాత్రం చెప్పింది. ఆయన లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. మేనేజరు కచేరీ ఉన్నట్టేనని రెండుసార్లు ప్రకటించి, ఎవరూ చప్పట్లు కొట్టకపోవడంతో ట్యూనరును వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. సూదిగారూ లేచారు. చెల్లెలు మాత్రం గుమ్మం దగ్గర నుంచి కదల్లేదు.

"రా," అంది అక్క. "నువ్వు కాదని తేలిందిగా."

"ఇంకోటి తేలలేదక్కా," అంది చెల్లెలు. "సూదిగారు అడిగారు, అబద్ధమని నాకెలా తెలుసని. నేను చెప్పలేదు. నువ్వు ఆ వరస కనిపెట్టిన రోజుల్లో నేను పక్కగదిలో ఉన్నాను. పదకొండు రోజులు. నువ్వు తప్పు వాయించిన ప్రతిసారీ గోడకు చెవి ఆనించి వినేదాన్ని. దొరక్కూడదని కోరుకునేదాన్ని. పన్నెండో రోజు దొరికింది. అది నీదేనని సాక్ష్యం చెప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్నే."

"మరి ఆదివారమే చెప్పలేదేం?"

"ఆదివారం, సోమవారం, మంగళవారం. ఊళ్ళో వాళ్ళు నన్ను చూసి గుసగుసలాడుకున్నారు, ఆ వరస అసలు ఈవిడదేనట అని. నిందతోపాటు అదీ అన్నారు. మూడు రోజులు నోరు మూసుకున్నాను. నాకు బాగుందక్కా."

డైరీ కలం తీయబోయి మానేశాడు. ఇది రాసుకునే సంగతి కాదనిపించింది. పైగా దోషి పేరు ముందే రాసుకున్న మనిషికి ఆ బాగుండటం ఎలా ఉంటుందో బాగా తెలుసు.

అక్క చెల్లెలి చేతుల వంక చూసింది. తర్వాత బల్ల మీద ఒక పక్కకు జరిగింది.

"నువ్వెలా వాయిస్తావో నేనెప్పుడూ వినలేదు," అంది. "మాస్టారి దగ్గర నా వంతు అవగానే లేచి వెళ్ళిపోయేదాన్ని. కూర్చో. నా వరస వద్దు. నీ వేళ్ళతో."

చెల్లెలు కూర్చుంది. ఆమెవి చిన్న చేతులు. అయిదు స్వరాలు ఒక్కసారి అందవు. అందుకని ముందు కింది రెండూ, వెంటనే పై మూడూ వాయించింది. ధార తెగేచోట తెగకుండా ఉంచాలని ప్రయత్నించలేదు. చెయ్యి ఎత్తింది. వందేళ్ళుగా అందరూ దాచిపెట్టబోయిన ఆ ఖాళీ, ఏడుస్తూ మాట్లాడే మనిషి మధ్యలో ఊపిరి తీసుకున్నట్టు వినపడింది. తర్వాత స్వరాలు మళ్ళీ మొదలయ్యాయి.

గుమ్మం దగ్గర సూదిగారు టోపీ చేత్తో పట్టుకుని ఆగిపోయారు. డైరీ వాయిద్యం వైపు కాక అక్కగారి మొహం వైపు చూస్తున్నాడు. సంగీతం అతనికి తెలియదు. కానీ ఆ మొహంలో కదిలిన మంటలో అతనికి పదకొండేళ్ళ అనుభవం ఉంది. దవడ బిగిసింది, కళ్ళు చెల్లెలి చేతుల మీద అతుక్కుపోయాయి. ఈ ఒక్కటి గురువుగారికంటే ముందు తనే కనిపెట్టానని అతనికి తెలుసు. చెప్పుకోవాలని మాత్రం అనిపించలేదు.

"అక్కడ," అంది అక్క. "ఆ చెయ్యి ఎత్తావే, అక్కడ. మళ్ళీ వాయించు."

చెల్లెలు తల తిప్పి అక్క మొహం చూసింది. ముప్పై ఏళ్ళుగా తను అద్దంలో చూసుకుంటున్నదేదో అక్కడ కనపడింది. తల వంచుకుని మళ్ళీ వాయించింది. ఈసారి చెయ్యి ఎత్తి, దింపడానికి ఏమాత్రం తొందరపడలేదు.